మామిడి కొత్తకు ముందు బెజవాడలో మూడు రోజులు

బెజవాడ నుంచి అరకు చూడటానికి వచ్చినవాళ్లను నేను వందలమందిని చూశాను. అరకు నుంచి బెజవాడ చూడటానికి వెళ్లినవాళ్లు మా ఊళ్లో ఒక్కరూ లేరు. పనికి వెళ్లారు, ఆసుపత్రికి వెళ్లారు, కోర్టుకు వెళ్లారు. ఊరికే చూడటానికి ఎవరు వెళ్తారు? నేనూ ఊరికే వెళ్లలేదు. వెళ్లాను కాబట్టి, వెళ్లని మావాళ్ల కోసం రాస్తున్నాను.

అరకు స్టేషన్

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. అరకులో ఒక చిన్న రిసార్టులో బల్ల వెనక కూర్చుని గదుల తాళాలు ఇస్తాను. కొండ కనబడే గది అని చెప్పి ఐదొందలు ఎక్కువ తీసుకుంటాం. కొండ కనబడుతుంది, బాత్‌రూమ్ కిటికీలోంచి, బకెట్ బోర్లించి దాని మీదికెక్కితే. డిసెంబరులో పొగమంచు వస్తే అదీ కనబడదు. యాత్రికుల్ని ఎన్ని రకాలుగా ముంచవచ్చో ఎనిమిదేళ్లుగా దగ్గరుండి చూస్తున్నదాన్ని, కొన్నిట్లో చెయ్యి పెట్టినదాన్ని. అలాంటిదాన్ని నేనే యాత్రకు బయలుదేరితే ఎవర్ని నమ్ముతాను?

వెళ్లడానికి కారణం మా చెల్లి దమయంతి. బెజవాడలో నర్సింగ్ సహాయకుల శిక్షణలో దానికి సీటొచ్చింది. ఆరు నెలలు. ఉగాది వెళ్లిన సోమవారం చేరాలి. అక్కడ హాస్టల్ లేదు, దగ్గర్లో ఎక్కడైనా చూసుకోండి అన్నారు. రెండేళ్ల కిందట పక్క ఊరి అమ్మాయి ఒకతె కుట్టుపని నేర్పిస్తామంటే కొండ దిగి కిందికి వెళ్లి, ఎవరింట్లోనో ఏడాది అంట్లు తోముతూ ఉండిపోయింది. వాళ్ల నాన్న వెతికి తెచ్చుకున్నాడు. ఆ పిల్ల ఇప్పటికీ ఎక్కువ మాట్లాడదు. అందుకని మా తాత దమయంతిని పంపనన్నాడు. దమయంతి మూడు రోజులు అన్నం మానేసింది. చివరికి తాత ఒక దారి చెప్పాడు.

"నువ్వెల్లి సూసిరా. గుంటని పంపొచ్చంటే పంపుతాను. నువ్వు వద్దంటే మరి అది ఏడ్సినా పంపను."

తాత మా ఊరికి దిశారి. పండగలకు మంచి రోజు చూసేదీ, దేవతకు పూజ చేసేదీ ఆయనే. ఆయన మాట మా ఇంట్లోనే కాదు, నలభై ఇళ్లలో చెల్లుతుంది. స్టేషన్‌కు వచ్చి నాకు చివరి జాగ్రత్త చెప్పాడు. "కిందోల్లు నవ్వితే సంచి సూసుకో. నవ్వకపోతే దారి సూసుకో."

సంచి అంటే మా రిసార్టులో ఎవరో వదిలేసి వెళ్లిన బ్యాక్‌ప్యాక్. మూడు నెలలు ఎవరూ అడగకపోతే మనదే అని మా రూలు. అందులో రెండు జతల బట్టలు, రాగి పిండి, ఆధార్ జెరాక్సులు నాలుగు, జాకెట్టు లోపల రెండువేల రూపాయలు.

రైల్లో ఎదుటి సీటు ఆవిడ అరకు చూసి తిరిగి వెళ్తోంది. సొరంగం వచ్చినప్పుడల్లా ఆవిడ పిల్లలు అరుస్తున్నారు. ఆవిడ డబ్బా తీసి నాకూ పులిహోర పెట్టబోయింది. మామిడికాయ తురిమి చేసిన పులిహోర. వద్దన్నాను. ఎక్కడికి అనడిగింది. విశాఖ వరకే అని అబద్ధమాడాను. మర్నాడు తెల్లారి బెజవాడ ప్లాట్‌ఫారం మీద ఇద్దరం ఒకే కుళాయి దగ్గర ముఖం కడుక్కున్నాం. ఆవిడ నన్ను చూసి సంచి దగ్గరికి లాక్కుంది.

పులిహోర ఎందుకు వద్దన్నానో ఇక్కడే చెప్పేస్తాను. మా కొండల్లో ఏ పంటకైనా కొత్త చేస్తాం. చిక్కుడు కొత్త, కొర్ర కొత్త, మామిడి కొత్త. ఆ ఏడాది కాయను ముందు దేవతకు పెట్టి తర్వాతే మనం నోట పెట్టాలి. మామిడి కొత్త చైత్రంలో. అంతవరకూ పిందె కూడా కొరకం. మా అమ్మ ఆదివారం చర్చికి వెళ్తుంది, తాత కొండదేవతకు కోడి కోస్తాడు, ఒకరి సంగతి ఒకరు అడగరు. కొత్త దగ్గర మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. ఈ సంగతి ఒకసారి రిసార్టులో అతిథులకు చెప్పాను. మళ్లీ చెప్పమని వీడియో తీసుకుని, నా ఎదురుగానే మామిడికాయ కొరికి నవ్వారు. అప్పట్నుంచి కిందివాళ్లకు చెప్పను. మామిడి నాకు పడదంటాను.

కాలువ గట్టు

స్టేషన్ బయట షేర్ ఆటో ఇరవై రూపాయలన్నాడు. కొత్త మనిషినని రెట్టింపు చెప్పాడనుకున్నాను. మేమూ అదే చేస్తాం కదా. పది అన్నాను. నవ్వాడు. నవ్వాడు కాబట్టి సంచి చూసుకుని నడవడం మొదలుపెట్టాను. ముప్పావుగంట నడిచాను. అందరికీ ఇరవయ్యేనని సాయంత్రం తెలిసింది.

నడవడం వల్ల కాలువలు బాగా చూశాను. ఈ ఊళ్లో ఎటు నడిచినా ఒక కాలువ అడ్డొస్తుంది. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ. మా గెడ్డలు, అంటే కొండవాగులు, వాటికి నచ్చినట్టు పోతాయి, మేం వాటిని తప్పించుకుని ఇళ్లు కట్టుకుంటాం. ఇక్కడ నీళ్లే మనుషుల్ని తప్పించుకుని వెళ్తాయి. గట్టు పొడవునా ఇళ్లు, గుడి, చర్చి, మసీదు, టైర్లకు పంక్చర్లు వేసే కొట్లు. కొన్నిచోట్ల పార్కులు చేసి బొమ్మలు పెట్టారు. ఇంకొన్నిచోట్ల గుర్రపుడెక్క, ప్లాస్టిక్ సీసాలు. నీళ్లు నల్లగా, సగానికే ఉన్నాయి. ఒకాయన మెట్ల మీద కూర్చుని ఆ నీళ్లలోనే చొక్కా జాడిస్తున్నాడు. ఎంత చూసినా ఆ చొక్కా తెల్లగానే ఉంది. అదెలాగో నాకిప్పటికీ తెలియదు.

ఆడవారికి మాత్రమే

శిక్షణ కేంద్రానికి రెండు వీధుల అవతల కరెంటు స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది: ఆడవారికి మంచం, భోజనం, రోజుకు రెండొందలు. ఈ ఊళ్లో రెండొందలకు మంచమూ, రెండు పూటల భోజనమూనా? ఎక్కడో తిరకాసు ఉందనుకున్నాను. దమయంతిని పెడితే ఇలాంటిచోటే పెట్టాలి. తిరకాసేదో నేనే ముందు చూడాలని వెళ్లాను.

కాలువ వైపు తిరిగిన పాత మేడ. కింద మిషను మీద బట్టలు కుట్టే కొట్టు, పైన మూడు గదులు, పదమూడు మంచాలు. ఇంటామె పేరు సుశీలమ్మ. అరవై దాటి ఉంటాయి. గోడ మీద సిలువ, దాని కింద పోయిన భర్త ఫొటో. బట్టల కొట్లలో, ఆసుపత్రుల్లో పనిచేసే అమ్మాయిలు ఉంటున్నారు. సుశీలమ్మ నన్ను కూర్చోబెట్టి అడగడం మొదలుపెట్టింది. ఊరేది, ఎందుకొచ్చావు, పెళ్లయిందా, చెల్లెళ్లెందరు, ఆ పిల్ల వయసెంత, ఎలా ఉంటుంది, ఇంట్లో మగవాళ్లెవరు. రిసార్టులో నేను పేరు, ఫోను తప్ప అడగను. ఒక ముసలావిడకు నా చెల్లి ఎలా ఉంటుందో ఎందుకు? చెల్లి వయసు రెండేళ్లు పెంచి చెప్పాను. ఆధార్ జెరాక్సు, ఇంటి ఫోన్ నంబరు తీసుకుంది. నంబరు మాత్రం నిజమే ఇచ్చాను.

మధ్యాహ్నం భోజనానికి మామిడికాయ పప్పు, మామిడికాయ కొబ్బరి పచ్చడి, మజ్జిగ. అందరూ లొట్టలేసుకుంటున్నారు. కడుపు బాగోలేదని మజ్జిగన్నం తిన్నాను. సుశీలమ్మ నా కంచం కేసి రెండుసార్లు చూసింది.

సాయంత్రం వరండాలో ఆవిడ కుర్చీలో కూర్చుని, కళ్లజోడు పైకి తోసి, నా ఆధార్ కాగితం చూస్తూ ఎవరికో ఫోన్ చేస్తోంది. పేరు చదువుతోంది. ఊరు చదువుతోంది. నేను మెట్ల దగ్గర నిలబడిపోయాను. నన్ను చూసి గొంతు తగ్గించింది. పక్క ఊరి పిల్లను తీసుకెళ్లినవాళ్లూ మొదట కాగితాలే అడిగారట. దమయంతి ఇక్కడికి రాదని ఆ మెట్ల మీదే తేల్చేసుకున్నాను. సంచి తల కింద పెట్టుకుని పడుకున్నాను.

వన్‌టౌన్

రెండో రోజు పొద్దున కాలువ వంతెన దగ్గర బండి మీద నాలుగు ఇడ్లీ తిన్నాను, ముప్ఫై రూపాయలు. చట్నీలో మామిడికాయ ఉందా అని అడిగితే, వేస్తే బాగుంటుంది గాని వెయ్యలేదమ్మా అని బండాయన విచారపడ్డాడు. ఆ దారినే సుశీలమ్మ పాలపాకెట్లు తీసుకుని వెళ్తోంది. నన్ను చూసింది, ఇడ్లీని చూసింది, తల తిప్పుకుంది. నాకూ అదే మేలనిపించింది.

తర్వాత పాతబస్తీ, అంటే వన్‌టౌన్. కొండకూ కాలువకూ నడుమ ఇరికించిన ఊరు. మా వారపు సంతలో జనం ఒకళ్లనొకళ్లు తప్పించుకుని నడుస్తారు. ఇక్కడ తప్పించుకోవడం ఉండదు, మోసుకుపోతారు. బ్యాక్‌ప్యాక్ ముందుకు వేసుకుని, బిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుని నడిచాను. ఒకావిడ జరిగి దారిచ్చి, ఎన్నో నెల అని అడిగింది. ఆవిడకు కళ్లు సరిగ్గా కనబడవనుకుంటాను.

సందుల్లో పాత ఇళ్లు, చెక్క వరండాలు, పొగాకు వాసన, ఇత్తడి సామాను. అడుగడుగునా మామిడికాయ ముక్కల బండ్లు, ఉప్పూ కారం చల్లి. నోట్లో నీళ్లూరలేదంటే అబద్ధం. ఒక కిరాణా కొట్లో అరకు కాఫీ అని రంగుల ప్యాకెట్ కనబడింది. మీద మా కొండ ముసలావిడ ఫొటో, ముక్కుకు మూడు ముక్కెరలు, పక్కన జలపాతం. మా రిసార్టులో అమ్మేదానికి రెట్టింపు ధర. ఆవిడెవరండీ అని అడిగాను. ఎవరో ట్రైబల్ అన్నాడు కొట్టాయన. ఇది నిజంగా అరకుదేనా అన్నాను. మీకెలా తెలుస్తుంది తేడా అన్నాడు. ఆ ప్రశ్న నన్ను రోజంతా గుచ్చింది.

లాకుల దగ్గర

మధ్యాహ్నం ఎండలో బ్యారేజీ వైపు వెళ్లాను. నది నీళ్లను కాలువల్లోకి పంచేది ఇక్కడే. కాలువ మీద పాత లాకులు ఉన్నాయి, తెల్లదొరల కాలం నాటివి. రెండు తలుపుల మధ్య పడవను ఆపి, నీటిని పెంచో తగ్గించో అవతలికి పంపేవారట. నేను పుస్తకం తీసి రాసుకుంటుంటే ఖాకీ నిక్కరు ముసలాయన వచ్చి నిలబడ్డాడు. కాలువ తలుపులు చూసుకునే లస్కరుగా పనిచేసి రిటైరయ్యాడట. అయినా రోజూ వచ్చి కూర్చుంటాడు.

"ఏం రాసుకుంటన్నావమ్మా? ఎవరు పంపించారు నిన్ను?"

మా తాత అని నిజమే చెప్పాను. అరకు అనేసరికి ఆయన నా సంచి వంక చూశాడు. మీ కొండల్లో అడవిలో తిరిగేవాళ్లు ఉంటారంట కదా, సంచిలో ఏముందో చూపించు అన్నాడు. రాగి పిండి చూపించాను. వేలితో తాకి వాసన చూశాడు. నా పుస్తకంలో ఇడ్లీ ధర, ఆటో ధర, సుశీలమ్మ అడిగిన ప్రశ్నలు వరసగా రాసి ఉన్నాయి. చదివి, నువ్వు పోలీసులా ఉన్నావే అన్నాడు. ఏడేళ్ల వయసులో లాకు తలుపు మీద నడిచానని, ఉప్పు పడవలు, ధాన్యం పడవలు చూశానని, ఇంకో పది రోజుల్లో కాలువలు కట్టేస్తారని, అప్పుడొస్తే అడుగున పోయినవన్నీ కనబడతాయని చాలాసేపు చెప్పాడు. వెళ్తూ వెళ్తూ మరోసారి సంచి కేసి చూశాడు.

రెండు రోజులుగా నేను అందర్నీ అలాగే చూస్తున్నాను. అవతలివాళ్లు చూస్తే ఎలా ఉంటుందో అప్పుడు తెలిసింది. బాగుండదు.

పోయినేటి ఆవకాయ

సాయంత్రం గదికి వచ్చేసరికి నా మంచం మీద దుప్పటి మడతపెట్టి, పైన నేనిచ్చిన అడ్వాన్సు నోట్లు పెట్టి ఉన్నాయి. సుశీలమ్మ గుమ్మంలో నిలబడి ఉంది.

"రేపటిదాకా ఉండక్కర్లేదమ్మా. నా ఇంటి కూడు తినకూడదనుకుంటే మొదటే చెప్పాల్సింది. కడుపు బాగోలేదని చెప్పి బండి మీద తిన్నావు. మా కులపోళ్ల వంట తినని వాళ్లని నేను చిన్నప్పట్నుంచీ చూస్తన్నా. కొండల మీద నుంచి వచ్చినోళ్లు కూడానా?"

ఆవిడ గొంతులో కోపం లేదు, అదే నన్ను కొట్టింది. మా ఊళ్లో అలా తినని ముసలివాళ్లు ఉన్నారు, ఆవిడ అన్నది గాల్లోంచి అన్నది కాదు. కానీ నా సంగతి అది కాదు. కూర్చుని మొత్తం చెప్పాను. కొత్త సంగతి, తాత సంగతి, వీడియో తీసి నవ్వినవాళ్ల సంగతి. ఫోన్‌లో నా కాగితం చదువుతుంటే భయపడ్డ సంగతి కూడా చెప్పేశాను.

సుశీలమ్మ చేసిన ఆ ఫోన్ మా ఇంటికేనట. పోయినేడాది ఒక పిల్ల ఇంట్లో చెప్పకుండా వచ్చి చేరితే వాళ్ల అన్నలు వచ్చి తలుపులు విరగ్గొట్టారు. అప్పట్నుంచి ఎవరొచ్చినా ఇంటికి ఫోన్ చేసి, వీళ్ల పిల్లేనా అని కనుక్కుంటుంది. మావాళ్లలో ఫోన్ ఎత్తింది తాత.

"నేను రెండు మాటలు అడిగితే, ఆయన నన్ను అరగంట అడిగాడు. నా మొగుడు ఎలా చచ్చిపోయాడో కూడా చెప్పించుకున్నాడు. చెల్లి వయసు నువ్వు చెప్పిందీ ఆయన చెప్పిందీ కలవలా."

సిగ్గుతో తల దించుకున్నాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లింది. అక్కడి నుంచే అడిగింది.

"పోయినేటి కాయ అయితే తినొచ్చా?"

తినొచ్చన్నాను. మా కట్టడి ఈ ఏటి కాయకే. అది పోయినేడు దేవత తిన్న తర్వాతి కాయ కదా. సుశీలమ్మ జాడీ తెచ్చింది. నల్లగా ఊరిన ఆవకాయ, అడుగున నాలుగు ముక్కలు మిగిలి ఉన్నాయి. వేడన్నంలో కలిపి, నెయ్యి వేసి పెట్టింది. రెండు రోజుల ఆకలి మీద ఎంత తిన్నానో చెప్పను. ఆవిడ కంచం పక్కనే పీట వేసుకుని కూర్చుంది. ఈసారి నా కంచం కేసి చూడలేదు. రోజుకు రెండొందలకే ఎలా పెడుతున్నారని అడిగాను. మేడ సొంతం, పిల్లలు లేరు, ఒక్కదాన్నీ ఉంటే రాత్రిళ్లు భయం అంది. తిరకాసు అదే.

మళ్లీ కొండ మీద

మూడో రోజు రైలెక్కాను. ఇంట్లో అందరూ చుట్టూ చేరారు. పుస్తకం తీసి ధరలు, దూరాలు, లాకులు, కాలువలు అన్నీ చెప్పాను. దమయంతి ఒక్క మాట కోసమే నా ముఖం చూస్తోంది. పంపండి అన్నాను. తాత తలూపాడు. ఆ ముసల్ది అబద్ధమాడదు, నువ్వే ఆడేవు అన్నాడు.

దమయంతి వెళ్లి సుశీలమ్మ ఇంట్లోనే చేరింది. వెళ్లిన తొమ్మిదో రోజు ఫోన్ చేసింది.

"అక్కా, కొత్త ఎప్పుడు? నేను తిననని ఈవిడ ఇల్లంతటికీ మామిడికాయ ఆపేసింది. పదమూడు మందిమి, పప్పులో సింతకాయే. అందరూ నన్ను తిడతన్నారు. బేగి సెయ్యమను తాతని."

తాతకు చెప్పాను. ఎక్కడో కిందోళ్లు తిడుతున్నారని పండగ ముందుకు జరపడం ఏమిటని ఆయన గొణిగాడు. కాసేపయ్యాక కత్తి పట్టుకుని చెట్టు దగ్గరికి వెళ్లి, ఒక కాయ కోసి, రెండుగా చీల్చి టెంక చూశాడు. ఇంకా తెల్లగా, మెత్తగా ఉంది. ఇంకో వారం ఆగాలన్నాడు. ఆ చెక్కలు రెండూ కిందపడేసి నన్ను అడిగాడు.

"ఆవిడ కూడా తిన్లేదా?"

తిన్లేదట అన్నాను.

"అయితే కొత్తనాడు ఆవిడ పేరున ఒక కాయ పెడతాను. ఇంటిపేరు కనుక్కో. దేవతకి సరిగ్గా సెప్పాల."

రెండు రోజులు ఆవిడ్ని అనుమానంగా గమనించి, పుస్తకం నిండా రాసుకుని వచ్చిన నేను ఆవిడ ఇంటిపేరు అడగనే లేదు. ఫోన్ చేశాను. ఇంటిపేరు అనగానే అవతల మాట ఆగిపోయింది. ఇంటిపేరు ఎందుకడుగుతారో ఆ ఊళ్లోనైనా, ఏ ఊళ్లోనైనా అందరికీ తెలుసు.

"ఎందుకమ్మా?" అంది సుశీలమ్మ మెల్లిగా.

తాత చెప్పింది చెప్పాను. ఆవిడ, నేను ప్రభువును నమ్ముకున్నదాన్నని ఆయనకు చెప్పావా అని అడిగింది. చెప్పాను, మా అమ్మా అంతే, మా దేవతకు అలవాటే అన్నాను.

అయితే రాసుకో అని ఇంటిపేరు చెప్పింది. తప్పు పలుకుతామేమోనని రెండుసార్లు చెప్పింది.